స్థిరవాసం

"ఇగ ఇంటికి పోదాం పా తమ్మీ" అని బ్రదర్ ఇన్నయ్య మొదటిసారి అన్నది తొంభై ఎనిమిది వేసవిలో, మధ్యాహ్నం భోజనాల బల్ల దగ్గర. పక్కన కూర్చున్న జోజప్పకు నవ్వొచ్చింది. డెబ్బై దాటిన మనిషి, పుట్టిన ఊరి పేరు ఎత్తక ఎన్నో ఏళ్లయింది, ఇప్పుడేం గుర్తొచ్చిందో అనుకున్నాడు.

"ఏ ఇంటికి పెద్దన్నా? మీ ఊరికా?"

"ఊరెందుకు? మన మఠానికి. గంట కొట్టే యాళ్లయితున్నది. ఎవలింట్లనో కూసోని తింటున్నం, ఏం బాగుంటది?"

జోజప్ప చేతిలో ముద్ద అట్లాగే ఆగిపోయింది. వాళ్లు కూర్చున్నది మఠంలోనే. ఆ బల్ల ఇన్నయ్య తన చేతులతో చిత్రిక పట్టినది.

శేరిలింగంపల్లికీ మాదాపూర్‌కీ నడుమ, ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే బండరాళ్ల మధ్య, ఆ చిన్న మఠం ఉండేది. బెనెడిక్టు సభ సన్యాసులు నలుగురు అందులో కాపురం. మఠాధిపతి ఫాదర్ రాయప్ప, వంట చూసే బ్రదర్ బాలస్వామి, గుళ్లకు కొవ్వొత్తులు పోసే జోజప్ప, గేటు చూసే ఇన్నయ్య. ఊళ్లల్లో గుడి నడిపే గురువులకు నాలుగైదేళ్లకోసారి బదిలీ ఉంటుంది. వీళ్లకు ఉండదు. సభలో చేరేనాడు వీళ్లు ఇచ్చే మాటపట్టుల్లో ఒకటి స్థిరవాసం. ఏ ఇంట్లో అడుగు పెట్టారో ఆ ఇంట్లోనే, ఆ అన్నదమ్ముల మధ్యనే బతికి, వాళ్ల చేతుల్లోనే పోవాలి. ఇల్లు నచ్చకపోయినా, పక్కవాడి గురక నచ్చకపోయినా సరే.

ఇన్నయ్య ఆ మాట ఇచ్చినప్పుడు అక్కడ ఇల్లే లేదు. రెండు గుడారాలు, ఒక బావి, చుట్టూ తుమ్మచెట్లు. వరంగల్ జిల్లా పల్లెనుంచి వచ్చిన పడుచువాడు రాళ్లు మోసి గోడ కట్టాడు, గోడకు గేటు పెట్టాక ఆ గేటు దగ్గరే కూర్చుండిపోయాడు. ఎవరు తట్టినా "దేవునికి స్తోత్రం" అంటూ లేచి తీసేవాడు. పాము కరిచిందని వచ్చినవాళ్లకూ, దారి తప్పిన గొర్లకాపరులకూ, ఊరికే నీళ్లు తాగిపోదామని వచ్చినవాళ్లకూ ఒకటే పలకరింపు. తల్లి పోయిందని కబురొచ్చిననాడు వెళ్లి, మట్టి చేసి, ఆ సాయంత్రమే తిరిగి బండెక్కాడు. అక్క కాళ్లకు అడ్డం పడిందట, మూడు రోజులన్నా ఉండు తమ్ముడా అని.

"ఆనాడు ఉన్నా తప్పయ్యేది గాదేమో" అని ఒకసారి జోజప్పతో అన్నాడు. "గని మనసు ఈడికే గుంజింది."

జోజప్ప నల్లగొండ వైపు వాడు. ఇరవై నాలుగో ఏట చేరాడు. రెండో ఏడు ఆ నిశ్శబ్దం భరించలేక బట్టలు సంచిలో సర్దుకుని గేటు దగ్గరికి వచ్చేశాడు. ఇన్నయ్య ఏమీ అడగకుండా గేటు తీశాడు. "పోతే పో తమ్మీ. ఎవరూ పట్టుకోరు. అన్నం తిని పో, ఎండ బాగున్నది" అన్నాడంతే. అన్నం తిన్నాడు. ఎండ చల్లబడింది. సాయంత్రం ప్రార్థన గంట మోగింది. ఇక పోలేదు.

అటువంటి మనిషి ఇప్పుడు తన ఇంటిని పట్టుకుని ఎవరిల్లో అంటున్నాడు.

ఏడాదిగా ఆ చుట్టుపక్కల ఏదీ ఉన్నచోట ఉండటం లేదు. కొత్త రోడ్డు వస్తుందని మఠం తూర్పు వైపు నేల కొంత తీసుకున్నారు. దాంతో పాత గేటు పోయింది, పడమటి గోడ పగలగొట్టి కొత్తది పెట్టుకోవాల్సొచ్చింది. రోజూ మధ్యాహ్నం ఈల వేసేవారు, ఆ వెంటనే రాళ్లు పేలేవి, గుడి అద్దాలు గలగలమనేవి. గుడి వెనకాలి గుట్ట ఒక్కో వైపునుంచీ తరిగిపోతూ ఉంటే దాని వెనకాల నుంచి గుండ్రటి భవనం ఒక్కో అంతస్తే పైకి లేచింది. గేటు మారిన నెల రోజులకే ఇన్నయ్య తడబడటం మొదలైంది. పొద్దున లేచి అలవాటుగా తూర్పుకు నడిచి, గోడకు నుదురానించి నిలబడేవాడు.

తరవాత బయటికి వెళ్లిపోవడం మొదలుపెట్టాడు.

మొదటిసారి పట్టుకొచ్చింది చంద్రమ్మ. ఆమె, ఆమె పెనిమిటి రాజయ్య అక్కడి ఊరివాళ్లే. వాళ్ల జొన్నచేనూ, దాని గట్టున ఇల్లూ మఠం గోడను ఆనుకుని ఉండేవి. ఇప్పుడు వాటి మీద సిమెంటు పని నడుస్తోంది, ఆ పనిలోనే ఇద్దరూ కూలికి పోతున్నారు.

"చిన్న సామీ, ముసలి సామి ఆడ కంకర కుప్పల కాడ తిరుగుతుండు" అంటూ ఇన్నయ్యను చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. "యాడికి పోతున్నవ్ సామీ అంటే మఠానికి అంటడు. నేను తీస్కపోత రా అన్న. పిల్లగాని లెక్క వచ్చిండు."

"మంచి పని చేసినవ్ చంద్రమ్మా" అన్నాడు జోజప్ప.

"గాయిన తప్పేముంది? పుట్టి పెరిగిన నాకే ఒకోపాలి తొవ్వ దొరుకుతలేదు." కొంగుతో మొహం తుడుచుకుంది. "మీరు ఈడనే ఉంటమని దేవునికి మాటిచ్చి ఉన్నరు. మేం ఎవలికీ మాటియ్యకుంటనే ఉంటిమి. గిప్పుడు మాకు ఇల్లు లేకపాయె, ఆయినకు ఇల్లుండీ లేకపాయె."

జోజప్పకు ఒక ఉపాయం తోచింది. ఇన్నయ్య ఇంటికి పోదామన్నప్పుడల్లా, సరే పోదాం పా అని చెప్పులు తొడిగించి బయటికి తీసుకెళ్లేవాడు. గోడ వెంబడి చుట్టూ తిప్పి, మళ్లీ అదే గేటు లోంచి లోపలికి తెచ్చేవాడు. "వచ్చేసినం పెద్దన్నా." ఇన్నయ్య మొహం విప్పారేది. "వచ్చినమా? దేవునికి స్తోత్రం. కాళ్లు పీకుతున్నయ్ తమ్మీ, శాన దూరముండె." ఆ పూటకు నిమ్మళంగా ఉండేవాడు, అన్నం తినేవాడు, కీర్తనలు ఒక్క మాట తప్పకుండా పాడేవాడు. మరిచిపోయినవన్నీ మరిచిపోయినా కీర్తనలు పోలేదు.

అబద్ధమే. అయినా జోజప్ప ఆ అబద్ధాన్ని, ఫాదర్ ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో చెప్పుకోలేదు. చెప్పుకుంటే మానెయ్యమంటారేమోనని భయం.

వానాకాలం మొదట్లో ఒకరోజు అదీ పనిచెయ్యలేదు. చుట్టు తిరిగి లోపలికి వచ్చాక ఇన్నయ్య వాకిట్లో నిలబడి గుడి కప్పు మీదుగా చూశాడు. రోజూ తెల్లవారుజాము ప్రార్థన అయ్యాక ఆయన కళ్లు మొదట పడేది అక్కడున్న గుట్ట మీదనే.

"గుట్ట యాడ వాయె?"

జోజప్ప ఆ గుండ్రటి భవనం వైపు చూశాడు.

"మన గుడెనుక గుట్ట ఉంటది తమ్మీ. పైన పడ్డట్టే ఉంటది గని పడదు. అది లేదంటే ఇది మనది గాదు. నువ్వు నన్ను ఆగం జేస్తున్నవ్." ఆ ముసలి కళ్లలో మొట్టమొదటిసారి అనుమానం కనబడింది. "నన్ను తీస్కపో. నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగబోయాడు. జోజప్ప ఆయన్ని రెండు భుజాలూ పట్టుకుని ఆపి, అట్లాగే గుండెకు అదుముకున్నాడు. అంత బక్కగా అయిపోయాడని అప్పటిదాకా తెలియలేదు.

ఆ తరవాతి వారమే ప్రమాదం. జోజప్ప మైనం కాచి అచ్చుల్లో పోస్తున్నాడు, సగంలో వదిలి లేవడానికి వీల్లేని పని. బాలస్వామి కూరగాయలకు వెళ్లాడు. ఇన్నయ్య గేటు తీసుకుని కొత్త రోడ్డెక్కాడు. మట్టి దించి వెనక్కి వస్తున్న లారీ డ్రైవరు చూసుకుని బ్రేకు వేశాడు కాబట్టి ఇన్నయ్య బతికాడు. పక్కకు పడి మణికట్టు విరిగింది, నుదురు చీరుకుపోయింది. రాజయ్య, ఇంకో కూలీ కలిసి మోసుకొచ్చారు. చేతికి సిమెంటుకట్టు వేయించి దవాఖాన నుంచి తెచ్చాక, ఫాదర్ రాయప్ప జోజప్పను తన గదికి పిలిచాడు. ఆయన గుంటూరు వైపు మనిషి, ఎవరినైనా మన్నించే మాట్లాడతాడు.

"బాలానగర్‌లో సిస్టర్లు నడిపే వృద్ధాశ్రమం ఉంది కదండీ. అక్కడ చూసుకోవడానికి మనుషులున్నారు. ఒప్పుకున్నారు."

"ఫాదర్, పెద్దన్న మాటపట్టు ఇచ్చింది ఈ ఇంటికి."

"తెలుసండీ."

"ఇక్కడనే చచ్చిపోత అని ఇచ్చిండు. మనందరం ఆయన పక్కనుంటమని మనం గూడ ఇచ్చినట్టే. నేను సూస్కుంట. మైనం పని మానేస్త."

"మానేస్తే నలుగురం ఏం తింటాం? రాత్రి ఎన్నిసార్లు లేస్తారు మీరు? మొన్న ప్రార్థనలో నిలబడే నిద్రపోయారు." రాయప్ప కళ్లద్దాలు తీసి పట్టుకున్నాడు. "బ్రదర్, నేను మాట తప్పుతున్నానని మీకు అనిపిస్తోంది. నాకూ అనిపిస్తోంది. కానీ రేపాయన లారీ కింద పడితే, స్థిరవాసం నిలబెట్టామని సంతోషపడతామా? ఇది మా మఠం కాదు మొర్రో అని ఏడుస్తున్న మనిషిని తాళం వేసి ఉంచితే అది స్థిరవాసమా, చెరసాలా? మీరే చెప్పండి, మీరు చెప్పినట్టే చేద్దాం."

విధేయత కూడా జోజప్ప ఇచ్చిన మాటల్లో ఒకటే. తల వంచుకుని బయటికి వచ్చాడు.

తీసుకుపోయేనాడు ఇన్నయ్య ఎంతో సంబరపడ్డాడు. చివరికి ఇంటికి తీసుకుపోతున్నారని అనుకున్నాడు. జీపు ముందు సీట్లో జపమాల పట్టుకుని కూర్చుని, "అందరు రాండ్రి, ఈడెందుకు ఇంక?" అని పిలిచాడు. బాలస్వామి వంటింట్లోంచి బయటికి రాలేదు. జోజప్ప ఎక్కాడు.

బాలానగర్‌లో ఫ్యాక్టరీల గోడలు దాటాక ఒక పెద్ద ఇనప గేటు, లోపల నాలుగు వేపచెట్లు, చిన్న గుడి. జీపు ఆగేసరికి ఎక్కడో గంట మోగింది. ఇన్నయ్య దిగి నిలబడి ఊపిరి నిండా పీల్చాడు.

"వచ్చినం" అన్నాడు.

పెద్ద సిస్టర్ వచ్చి మంచం చూపించబోతే వద్దని, గేటు పక్కన నీడ చూసుకుని అక్కడ కూర్చున్నాడు. "నువ్వు పోయి నీ పని సూస్కో తమ్మీ. గేటు కాడ నేనుంట, ఫికర్ చెయ్యకు." జోజప్ప ఆ గేటు లోంచి బయటికి వచ్చేటప్పుడు ఇన్నయ్యే లేచి, మంచి చేత్తో గేటు తీసి పట్టుకున్నాడు.

ఆదివారం ఆదివారం వెళ్లి చూసి రావడానికి రాయప్ప ఒప్పుకున్నాడు. మొదటి రెండు వారాలూ ఇన్నయ్య పేరు పెట్టి పిలిచాడు. మూడోవారం జోజప్ప బస్సు దిగి వెళ్లేసరికి సిస్టర్లు వేసిన ప్లాస్టిక్ కుర్చీలో, శుభ్రమైన చొక్కాతో, దువ్విన తలతో కూర్చుని ఉన్నాడు. జోజప్పను చూసి లేచి నిలబడ్డాడు.

"దేవునికి స్తోత్రం. రాండ్రి సారూ. యాడికెల్లి వస్తున్రు?"

తమ్మీ అని పిలిచిన నోరు ఇప్పుడు సారూ అంటోంది. "మఠం నుంచి వస్తున్న" అన్నాడు జోజప్ప.

"గట్లనా! ఏ మఠం? మాది గూడ మఠమే సారూ. నలుగురముంటం. మంచినీళ్లు తాగుండ్రి." కుండలోంచి గ్లాసు ముంచి ఇచ్చాడు. కొంచెంసేపు జోజప్ప మొహంలోకి చూశాడు. "మీ లెక్కనే ఉంటడు మా జోజప్ప. మైనం పని జేస్తడు. వానికి జర దుడుకు ఎక్కువ గని మనసు మంచిది. లోపలనే ఉన్నడు, మీరు ఉండుండ్రి, పిలుస్త."

జోజప్ప ఆపేలోగానే చిన్నచిన్న అడుగులు వేసుకుంటూ లోపలికి వెళ్లాడు. "జోజీ! నీకోసం ఎవరో వచ్చిన్రు" అని వరండాలో పిలవడం వినిపించింది. మళ్లీ పిలిచాడు. తరవాత ఎందుకు వెళ్లాడో మరిచిపోయి ఉంటాడు, బయటికి రాలేదు. జోజప్ప గ్లాసు పట్టుకుని వేపచెట్టు కింద చాలాసేపు నిలబడ్డాడు.

తిరుగు బస్సులో అతనికి ఒక సంగతి అర్థమైంది. ఇన్నయ్య ఇప్పుడు మఠంలోనే ఉన్నాడు. ఆయన మాట ఆయనకు దక్కింది. మఠంలో లేనిది తనే. ఆ సాయంత్రం మఠానికి చేరి, రాళ్ల దుమ్ము కప్పేసిన మెట్లు ఎక్కుతూ, ఇక్కడికి ఎందుకు వస్తున్నానా అని మొదటిసారి తనను తాను అడుక్కున్నాడు. బాలానగర్‌లోనే పని చూసుకుని ఆయన దగ్గర ఉండిపోతానని రాయప్పతో అన్నాడు కూడా.

"ఆయన కోసమా, మీ కోసమా?" అని అడిగాడు రాయప్ప.

"నా కోసమే ఫాదర్."

"నిజం చెప్పారు. అందుకే వద్దంటున్నాను. ముగ్గురమే మిగిలాం, నన్నూ బాలస్వామినీ వదిలేస్తారా?" అన్నాడు. ఆయన గొంతులో బతిమాలడం విని జోజప్ప మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

నవంబరు మొదట్లో వచ్చే ఆత్మల పండుగ దాటిన వారానికి బాలానగర్ నుంచి ఫోను వచ్చింది. ఇన్నయ్యకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది, మందులు పట్టడం లేదు. పొద్దుటి పూజ అప్పుడే అయ్యింది. రాయప్ప ఫోను పెట్టేసి కాసేపు అట్లాగే నిలబడి, "అందరం పోదాం" అన్నాడు.

"ఇంటి దగ్గర ఎవరుంటరు?" అన్నాడు బాలస్వామి.

"ఎవరూ ఉండరండీ. తాళం వేద్దాం."

ఆ ఇల్లు కట్టాక లోపల ఒక్క సన్యాసి కూడా లేకుండా ఉండటం అదే మొదలు. గేటు దగ్గర చంద్రమ్మ కూర్చుంటానంది. "ముసలి సామికి నా దండం చెప్పుండ్రి" అంది.

వాళ్లు వెళ్లేసరికి ఇన్నయ్య గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. ఊపిరి గరగరలాడుతోంది. రాయప్ప చివరి ఘడియల్లో ఇచ్చే అవస్థ అభ్యంగనం ఇచ్చాడు, నుదుటి మీదా అరచేతుల మీదా నూనె రాశాడు. పొద్దు వాలుతుండగా ముగ్గురూ మంచం చుట్టూ నిలబడి, మఠంలో పాడినట్టే, ఒకరు ఒక చరణం, ఇద్దరు ఒక చరణంగా సాయంకాలపు కీర్తనలు మొదలుపెట్టారు. పక్క మంచాల ముసలివాళ్లు లేచి కూర్చున్నారు. బాలస్వామి మధ్యలో ఆగిపోతే జోజప్ప అందుకున్నాడు.

ఇన్నయ్య కళ్లు తెరిచాడు. పెదవులు కదిలాయి. రెండు చరణాలు గొంతు లేకుండానే వాళ్లతో కలిపాడు. జోజప్ప ఆశగా వంగాడు.

"మంచిగ పాడుతున్రు సారూ" అన్నాడు ఇన్నయ్య. "శాన దూరంకెల్లి వచ్చిన్రా?"

"పెద్దన్నా, నేను. జోజప్పను."

"వస్తడు, వస్తడు. మావోళ్లంత పనిమీద పోయిన్రు. వాళ్లొచ్చినంక నేను..." దగ్గు వచ్చి మాట ఆగింది.

రాయప్ప మోకాళ్ల మీద కూర్చున్నాడు. "మేమేనండీ మీవాళ్లం. రాయప్పను. బాలస్వామి ఇడుగో. అందరం వచ్చేశాం."

ఇన్నయ్య ఆయన వైపు ఎంతో దయగా చూశాడు, తెలియనివాళ్లు ఓదార్చడానికి ఏదో చెప్తే మర్యాదకు ఊకొట్టినట్టు. "గట్లనే సారూ. రాకుంటెట్ల? వస్తరు." చూపు తలుపు వైపు తిప్పుకున్నాడు.

జోజప్ప ఆయన చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఆ చెయ్యి కూడా అతన్ని పట్టుకుంది, గట్టిగానే. అయినా కళ్లు తలుపు మీదనుంచి కదల్లేదు. కీర్తన అయ్యింది, ఇంకోటి పాడారు. కిటికీలో ఎండ పసుపెక్కుతుండగా, చూస్తున్నవాడు చూస్తూనే పోయాడు.

మర్నాడు మఠం గుడి వెనకాల, అంతకు ముందు పోయిన ముగ్గురి పక్కన గొయ్యి తవ్వారు. రెండడుగులు దిగగానే బండ తగిలింది. రాజయ్య పనిలో ఉన్న నలుగురిని గడ్డపారలతో పిలుచుకొచ్చి, మధ్యాహ్నం దాకా కొట్టి అయిందనిపించాడు. పెట్టె దించుతుండగా రోడ్డవతల ఈల వినబడింది. రాయప్ప ప్రార్థన ఆపాడు. అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. రాయి పేలింది, నేల అదిరింది, తెల్లటి దుమ్ము వచ్చి పెట్టె మీద పడింది. చంద్రమ్మ ముందుకు వంగి తన కొంగుతో ఆ దుమ్ము తుడిచింది. రాయప్ప ఆపినచోటి నుంచి మళ్లీ మొదలుపెట్టాడు.

అంతా వెళ్లిపోయాక రాయప్ప, జోజప్ప గుడి మెట్ల మీద కూర్చున్నారు.

"ఎదురుచూస్తనే పోయిండు ఫాదర్. మనం పక్కనుండంగనే మనకోసం ఎదురుచూస్తనే."

"అవునండీ."

"అన్నదమ్ముల నడుమ పోవాలని గదా ఆయన ఇన్నేండ్లు ఈడ ఉన్నది. అట్లనే పోయినట్టా ఫాదర్? మనం ఉన్నట్టా, లేనట్టా?"

రాయప్ప బోధ చెయ్యడం అలవాటున్న మనిషి, ఆనాడు ఏ బోధా చెయ్యలేదు. "నాకు తెలియదు బ్రదర్" అన్నాడు. "ఆయన చెయ్యి మిమ్మల్ని పట్టుకుంది కదా. అదొక్కటే నేను చూశాను." లేచి, మోకాళ్ల దుమ్ము దులుపుకుని, గంట కొట్టడానికి వెళ్లాడు.

గుడిలో పీటలు రెండు వరసలుగా ఎదురెదురుగా ఉంటాయి. ఒక వైపువాళ్లు ఒక చరణం పాడితే రెండోవైపువాళ్లు దాన్ని అందుకోవాలి. అటు రాయప్ప, బాలస్వామి నిలబడ్డారు. ఇటు జోజప్ప ఒక్కడే. బాలస్వామి ఇటు వస్తానన్నట్టు కదిలాడు కానీ, వస్తే అటు రాయప్ప ఒక్కడవుతాడు. జోజప్ప వద్దని తల ఊపాడు.

అటువాళ్లు మొదటి చరణం ముగించారు. జోజప్ప నోరు తెరిచాడు, గొంతు రాలేదు. వాళ్లిద్దరూ పుస్తకాల్లోంచి తల ఎత్తకుండా, అందుకోకుండా, తొందరపెట్టకుండా ఆగారు. బయట లారీలు పోతున్నాయి. చాలాసేపటికి అతను పాడాడు, సన్నగా, ఒక్కడే. అటువాళ్లు అందుకున్నారు.